శాంతిదళాలు, సాయం, అభివృద్ధి: హనుమకొండలోని ఒక సమన్వయ శిక్షణపై సమీక్ష

యుద్ధం ఆగిన దేశంలోకి మూడు రకాల వాళ్లు ఇంచుమించు ఒకే సమయంలో దిగుతారు. కాల్పుల విరమణను కాపాడే ఐక్యరాజ్యసమితి శాంతిపరిరక్షక దళాలు ఒకవైపు, తిండి, మందులు, గుడారాలు అందించే మానవతా సంస్థలు ఇంకోవైపు, బడులు, రోడ్లు, న్యాయస్థానాలు మళ్లీ నిలబెట్టే అభివృద్ధి సంస్థలు మరోవైపు పనిచేస్తాయి. వీళ్ల మధ్య సమన్వయం ఎలా కుదురుతుంది, ఎక్కడ చెడుతుంది అన్న విషయం మీద హనుమకొండ నక్కలగుట్టలో ఒక శిక్షణ కేంద్రం శని, ఆదివారాల్లో తరగతులు నడుపుతోంది. గ్రామీణ నీటి సరఫరా పనుల్లో చాలాకాలం ఉన్నవాడిని కనుక, ఓపిక ఉన్నన్నాళ్లు అలాంటి దేశాల్లో నీటి పనులకు ఉపయోగపడాలన్న కోరికతో నేను ఇందులో చేరాను. నాతోపాటు మాజీ సైనికులు, నర్సులు, స్వచ్ఛంద సంస్థల ఉద్యోగులు, కాకతీయ విశ్వవిద్యాలయంలో రాజనీతిశాస్త్రం చదివే కొందరు విద్యార్థులు, గల్ఫ్‌లో గోదాముల పని చూసి తిరిగొచ్చిన జగిత్యాల, కోరుట్ల యువకులు ఉన్నారు. పాఠాలు చెప్పేది ఇద్దరు: కాంగోలో శాంతిదళంలో పనిచేసి విరమణ పొందిన ఒక సైనికాధికారి, దక్షిణ సూడాన్‌లో కొన్నేళ్లు మానవతా సంస్థ తరఫున పనిచేసి వచ్చిన ఒక మేడమ్.

ముందుగా నా అభిప్రాయం చెబుతాను. ఈ శిక్షణ తీసుకోదగినదే. సమన్వయం అంటే అందరూ ఒకచోట కూర్చుని మాట్లాడుకోవడం అన్న అపోహ మొదటి వారంలోనే పోతుంది. డబ్బు ఎవరిది, ఆ డబ్బుకు గడువు ఎంత, సంతకం ఎవరి చేతిలో ఉంది అన్న మూడు సంగతులు తెలియకుండా ఎన్ని సమావేశాలు పెట్టినా పని కదలదని ఇక్కడ స్పష్టంగా నేర్పుతారు. అయితే ఇదంతా ఎవరి కోసం జరుగుతోందో ఆ దేశపు ప్రభుత్వానికీ, ఆ ఊళ్ల మనుషులకూ ఈ పాఠాల్లో దక్కిన చోటు చాలా తక్కువ. ఆ లోటు చిన్నది కాదు కాబట్టి దాని గురించి కింద వివరంగా రాస్తాను.

తొలి తరగతులు చరిత్రవి. 1948లో పశ్చిమాసియాకు వెళ్లిన తొలి పరిశీలకుల నుంచి ప్రచ్ఛన్నయుద్ధం ముగిసేదాకా నడిచిన కథను త్వరగానే దాటించి, 1994 దగ్గర ఆగారు. అది సరైన నిర్ణయమని నాకు అనిపించింది. రువాండా మారణహోమం తర్వాత ఆ ఏడాది జూలైలో లక్షలాది మంది కొద్ది రోజుల్లోనే సరిహద్దు దాటి అప్పటి జైర్‌లోని (ఇప్పటి కాంగో) గోమా పట్టణానికి చేరారు. అక్కడి నేల అగ్నిపర్వతం కక్కిన రాయి. మరుగుదొడ్లకు గుంతలు తవ్వడానికి వీలు లేదు, బావులు తీయడానికి అంతకన్నా వీలు లేదు. చెంతనే కివూ సరస్సు ఉంది. జనం ఆ నీళ్లే తాగారు. కలరా, రక్తవిరేచనాలతో మొదటి నెలలోనే సుమారు 50,000 మంది చనిపోయారు. సంస్థలు తక్కువై ఈ ఘోరం జరగలేదు. వచ్చిన సంస్థలు చాలా ఉన్నాయి. ఎవరు నీళ్లు చూడాలి, ఎవరు పారిశుద్ధ్యం చూడాలి, ఎంత ఇస్తే సరిపోయినట్టు అన్న కొలత వాళ్లందరికీ ఉమ్మడిగా లేదు. ఆ అనుభవం నుంచే 1997లో స్ఫియర్ ప్రమాణాల పని, అంటే మానవతా సాయంలో కనీసం ఎంత ఇవ్వాలో అందరికీ ఉమ్మడిగా తేల్చే పని మొదలైంది. మనిషికి రోజుకు కనీసం 15 లీటర్ల నీళ్లు, ఒక కుళాయికి 250 మందికి మించకూడదు, చేతిపంపుకు 500 మందికి మించకూడదు, నీళ్ల చోటు ఇంటి నుంచి 500 మీటర్లు దాటకూడదు, 20 మందికి ఒక మరుగుదొడ్డి. మిషన్ భగీరథలో పల్లెకు మనిషికి 100 లీటర్ల లెక్కన గొట్టాలు వేసిన మాకు 15 లీటర్లు అనగానే గుండె బరువెక్కింది. అయినా ఆ అంకె ఎందుకు అవసరమో ఆ మేడమ్ చెప్పిన తీరు బాగుంది. పది సంస్థలు కలిసి ఒక శిబిరంలో పనిచేస్తున్నప్పుడు, అందరూ ఒప్పుకున్న ఒక అంకె ఉంటేనే ఎవరి పని ఎక్కడ తగ్గిందో వేలు పెట్టి చూపించగలం.

దీనికి జోడీగా హైతీ పాఠం చెప్పారు. 2010 అక్టోబరులో అక్కడ మొదలైన కలరాకు, మిర్‌బలే దగ్గర శాంతిదళ శిబిరం నుంచి మురుగు అర్తిబొనీత్ నదీ వ్యవస్థలో కలవడమే మూలమని శాస్త్రీయ పరిశోధనలు తేల్చాయి. దాదాపు 10,000 మంది చనిపోయారు. అప్పటి ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి బాన్ కీ మూన్ 2016 డిసెంబరులో హైతీ ప్రజలకు క్షమాపణ చెప్పారు. కాపాడటానికి వెళ్లినవాళ్ల మరుగుదొడ్డి గుంత ఎవరి బాధ్యత అన్న ప్రశ్న ఎంత పెద్దదో ఈ ఒక్క ఉదాహరణ చాలు. ఆ సైనికాధికారి ఈ విషయం దాచకుండా, దళాల మీద మమకారం అడ్డురాకుండా చెప్పినందుకు ఆయన మీద నాకు గౌరవం పెరిగింది.

ఈ శిక్షణలో అన్నింటికన్నా విలువైన భాగం డబ్బు గురించి చెప్పిన తరగతి. శాంతిపరిరక్షణ ఖర్చును సభ్యదేశాలు నిర్ణీత వాటాల ప్రకారం కట్టి తీరాలి. ఆ బడ్జెట్ జూలై 1న మొదలై జూన్ 30న ముగుస్తుంది. భద్రతా మండలి ఇచ్చే అనుమతి చాలావరకు ఏడాదికొకసారి పొడిగింపుకు వస్తుంది. మానవతా సాయం పూర్తిగా స్వచ్ఛంద విరాళం. దాని కోసం దాతలకు చేసే విజ్ఞప్తి సాధారణంగా జనవరి నుంచి డిసెంబరు దాకా, ఒక ఏడాదికి. అభివృద్ధి ప్రణాళికలు ఐదేళ్లవి. ఈ మూడు కాలాలనూ ఒకే కాగితం మీద గీతలుగా గీసి, బోర్డు మీద అతికించి, ‘ఏప్రిల్‌లో ఒక జిల్లాకు బడి కావాలని తేలింది, ఎవరి దగ్గర డబ్బు అడుగుతారు?’ అని ఆ మేడమ్ అడిగారు. శాంతిదళం దగ్గర చిన్న పనులకు కొంత సొమ్ము ఉంటుంది గానీ బడికి పంతులు జీతం ఇవ్వడానికి అది పనికిరాదు. మానవతా సంస్థ గుడారం వేసి ఆరు నెలలు చదువు చెప్పించగలదు. అభివృద్ధి సంస్థకు గట్టి భవనం కట్టే డబ్బు ఉంది గానీ ఆ జిల్లా పేరు దాని ఐదేళ్ల ప్రణాళికలో లేదు. సగం గంటసేపు తరగతిలో ఎవ్వరికీ జవాబు దొరకలేదు. ఏ పాఠ్యపుస్తకంలోనూ ఈ చిక్కు ఇంత విడమర్చి నేను చదవలేదు.

ఐక్యరాజ్యసమితి ఈ చిక్కును విప్పడానికి చేసిన ప్రయత్నాలను ఆ తర్వాత వరుసగా చెప్పారు. 1991 డిసెంబరులో సర్వసభ్య సభ 46/182 తీర్మానంతో అత్యవసర సాయ సమన్వయకర్త పదవిని ఏర్పరచింది. ఆ పని చూసే మానవతా వ్యవహారాల సమన్వయ కార్యాలయం (ఓచా) 1998లో ఇప్పటి రూపానికి వచ్చింది. 2000లో అల్జీరియా దౌత్యవేత్త లఖ్దర్ బ్రహిమీ నాయకత్వంలోని బృందం శాంతిదళాల వైఫల్యాల మీద నివేదిక ఇచ్చింది. 2005లో ఒక్కో రంగాన్ని ఒక్కో సంస్థకు అప్పగించే క్లస్టర్ పద్ధతి వచ్చింది: ఆరోగ్యానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ, నీళ్లకూ పోషణకూ యునిసెఫ్, సరకు రవాణాకు ప్రపంచ ఆహార కార్యక్రమం ముందుండి నడిపించాలి. ఆ ఏడాది అక్టోబరులో పాకిస్తాన్ భూకంపంలో దాన్ని మొదటిసారి అమలు చేశారు. అదే ఏడాది డిసెంబరులో, యుద్ధం ఆగిన దేశాలు మళ్లీ అందులోకి జారకుండా చూసే శాంతినిర్మాణ సంఘం ఏర్పడి, బురుండీ, సియెర్రా లియోన్ దేశాలతో పని మొదలుపెట్టింది. 2016లో ఇస్తాంబుల్‌లో జరిగిన ప్రపంచ మానవతా సదస్సులో సాయం, అభివృద్ధి వేర్వేరు గదుల్లో ఉండకూడదని ఒప్పుకున్నారు. ఇదంతా మూడు తరగతుల్లో ముగిసింది. తేదీల పట్టికగా మిగిలిపోయే ప్రమాదం ఉన్నా, ప్రతి సంస్కరణ వెనుక ఉన్న చేదు అనుభవాన్ని చెప్పడం వల్ల గుర్తుండిపోయింది.

పెద్ద శాంతిదళ కార్యక్రమంలో ప్రధాన కార్యదర్శి ప్రత్యేక ప్రతినిధి కింద ఒక ఉప ప్రతినిధి ఉంటారు. ఆయనే ఆ దేశంలో అభివృద్ధి పనుల రెసిడెంట్ కోఆర్డినేటర్, ఆయనే మానవతా సమన్వయకర్త. ఒకే మనిషి మీద మూడు బాధ్యతలు. ప్రభుత్వంతో కలిసి నడవాల్సిన పని ఒకటి, ప్రభుత్వంతో పోరాడుతున్న వర్గం చేతిలోని ఊళ్లకు కూడా తిండి చేర్చాల్సిన పని మరొకటి. ఈ రెండూ ఒకే బల్ల మీదకు వచ్చిన రోజు ఏం జరుగుతుందన్నదే తర్వాతి వారం అభ్యాసం.

ఆ అభ్యాసం గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే చేరాలా వద్దా అని ఆలోచించేవారు దాని కోసమైనా చేరవచ్చు. ఒక ఊహాదేశం. వానలు ముంచుకొస్తున్నాయి; దక్షిణ సూడాన్‌లో వానాకాలంలో చాలా రోడ్లు మూసుకుపోయినట్టే ఇక్కడా మూసుకుపోతాయి. ఒక వాగు మీద వంతెన కూలింది. అవతల ఒడ్డున ఆకలితో ఉన్న ఊళ్లు. శాంతిదళపు ఇంజినీర్లు వారంలో వంతెన వేయగలరు. కానీ అవతల ఒడ్డు సాయుధ వర్గం చేతిలో ఉంది. దళాలు వేసిన వంతెన మీదుగా ఏ బండి వచ్చినా దాన్ని సైన్యం బండిగానే చూస్తామని ఆ వర్గం కబురు పంపింది. విమానం నుంచి జారవిడిస్తే ఖర్చు ఎన్నో రెట్లు. అభివృద్ధి బ్యాంకు రోడ్డు రెండేళ్ల తర్వాత మొదలవుతుంది, అదీ వేరే దారిన. ఒక్కొక్కరికి ఒక్కో చీటీ ఇచ్చి, ఎవరి పాత్రలో వాళ్లు వాదించమన్నారు.

నాకు ఇంజినీర్ల చీటీ వచ్చింది. వంతెన వేయడమే నా ధర్మం అన్నట్టు నేను గట్టిగానే వాదించాను. అప్పుడు ఏటూరునాగారం వైపు ఆరోగ్యశాఖలో చాలా ఏళ్లు పనిచేసి విరమణ పొందిన ఒక పెద్దావిడ లేచి చెప్పిన మాట తరగతిని నిశ్శబ్దం చేసింది: “మేం పోలీసు జీపెక్కి పోతే తెల్లారి ఆ ఊర్ల ఒక్కలు సూది ఏయించుకోకపోయేటోళ్లు సార్. నడిసి పోతేనే తలుపు తీసేటోళ్లు.” నక్సలైట్ దళాలకూ పోలీసులకూ నడుమ నలిగిన ఊళ్లలో పసిపిల్లలకు టీకాలు వేసిన మనిషి ఆమె. తటస్థత, నిష్పాక్షికత అనే మాటలను ఆ ముందు రెండు వారాలు పుస్తకంలో చదివిన విద్యార్థులు ఆ క్షణంలో వాటిని అర్థం చేసుకున్నారు. ఆమె మాటను పట్టుకుని ఆ మేడమ్ అఫ్గానిస్తాన్‌కు తీసుకెళ్లారు. అక్కడ విదేశీ సైన్యాలే సహాయ పనులు కూడా చేపట్టడంతో ఎవరు సైనికులో, ఎవరు సేవకులో జనానికి తేడా తెలియకుండా పోతోందని మానవతా సంస్థలు మొరపెట్టుకున్నాయి. 2004 జూన్‌లో బద్గీస్ ప్రాంతంలో ‘సరిహద్దులు లేని వైద్యులు’ సంస్థకు చెందిన ఐదుగురు హత్యకు గురయ్యారు; ఆ సంస్థ ఆ దేశం విడిచి వెళ్లి 2009లో గానీ తిరిగి రాలేదు.

దీని మీద ఒక మాజీ సైనికుడు అభ్యంతరం చెప్పాడు. 2023 జూలైలో మోరంచవాగు పొంగి మోరంచపల్లి నీళ్లలో చిక్కుకున్నప్పుడు సైనిక హెలికాప్టర్లు రావడం తప్పా అని అడిగాడు. తప్పు కాదు, అక్కడ సైన్యం ఎవరితోనూ పోరాడటం లేదు. ప్రకృతి విపత్తుల్లో సైనిక వనరుల వాడకానికి 1994 నాటి ఓస్లో మార్గదర్శకాలు ఉన్నాయి. పోరు నడిచే చోట్ల కోసం 2003లో వేరే మార్గదర్శకాలు వచ్చాయి. పౌర మార్గం ఏదీ మిగలనప్పుడు, చివరి దిక్కుగా మాత్రమే సైనిక వనరులు వాడాలన్నది వాటి సారం. ఒకే హెలికాప్టర్ రెండు చోట్ల రెండు అర్థాలు తెచ్చుకుంటుందన్న ఈ తేడాను ఆ అధికారి ఓపికగా, ఎవరినీ చిన్నబుచ్చకుండా విడమర్చారు.

ఇక ‘ఎవరు, ఏమిటి, ఎక్కడ’ అనే పట్టిక నింపే పాఠం చూడటానికి చాలా సాదాగా ఉంటుంది. ప్రతి సంస్థ తాను ఏ ఊళ్లో ఏ పని చేస్తోందో రాసి పంపుతుంది. ఓచా వాటిని కలిపి పటం చేస్తుంది. మాకు ఇచ్చిన నమూనా పట్టికను ఊళ్ల వారీగా అమర్చగానే, రోడ్డు పక్కనున్న ఒకే ఊళ్లో మూడు సంస్థలు బోర్లు వేస్తుండటం, లోపలి ఊళ్ల వరుసలు ఖాళీగా ఉండటం కంటికి కనిపించింది. బండి పోయే చోటికే సాయం పోతుంది. ఈ సంగతి ములుగు, భూపాలపల్లి అడవి గూడేల్లో పనిచేసినవాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అయితే ఈ పాఠానికి ఒక పూట మాత్రమే ఇచ్చారు. కనీసం రెండు రోజులు ఇచ్చి, కంప్యూటర్ల మీద ప్రతి ఒక్కరి చేత చేయించి ఉండాల్సింది. ఉద్యోగంలో చేరిన మొదటి రోజు చేతికి వచ్చే పని ఇదే.

ఇప్పుడు లోపాల సంగతి. వంతెన అభ్యాసంలో జిల్లా పాలనాధికారి చీటీ ఒక విద్యార్థినికి వచ్చింది. వాదన సగం దాటేదాకా ఆమెను ఎవరూ ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. శాంతిదళ కార్యక్రమ అధిపతి, సైనికాధికారి, ఆహార సంస్థ, దాత దేశం తమలో తాము తేల్చుకుని ఆమెకు నిర్ణయం చెప్పబోయారు. శిక్షకులు అక్కడ ఆగి, ఇదే అసలు జబ్బు అని చూపించి ఉంటే ఈ శిక్షణకు తిరుగు ఉండేది కాదు. వాళ్లు సమయం అయిపోయిందని ముగించారు.

ఇది పొరపాటున జరిగినది కాదనిపిస్తుంది. పాఠ్యాంశాల్లోనే ఆ లోటు ఉంది. తూర్పు తిమోర్‌ను చూడండి. 1999 నుంచి 2002 దాకా అక్కడ ఐక్యరాజ్యసమితే చట్టాలు చేసి, పరిపాలన నడిపింది. 2002 మే 20న దేశం స్వతంత్రమైంది. ప్రపంచమంతా దాన్ని విజయంగా చెప్పుకుంది. నాలుగేళ్లు తిరిగేసరికి సైన్యం, పోలీసులు చీలిపోయి, సుమారు లక్షన్నర మంది ఇళ్లు వదిలి పారిపోయారు. 2006 ఆగస్టులో మళ్లీ కొత్త మిషన్ పెట్టాల్సి వచ్చింది. బయటివాళ్ల సమన్వయం ఎంత చక్కగా ఉన్నా, ఆ దేశపు వ్యవస్థలు బలపడకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు. దీన్ని విజయగాథగా ఒక్క వాక్యంలో చెప్పి వదిలేశారు. ఘర్షణల్లో నలిగిన దేశాలు తమ గొంతు వినిపించడానికి జీ7 ప్లస్ అనే కూటమిగా ఏర్పడి, 2011లో బూసాన్‌లో దాతలతో ఒక కొత్త ఒప్పందానికి రావడం గురించి ఒక్క మాట లేదు. మానవతా నిధుల్లో కనీసం 25 శాతం వీలైనంత నేరుగా స్థానిక సంస్థలకు చేరాలని 2016లో దాతలు, సంస్థలు మాట ఇచ్చాయి. ఆ మాట నిలబడలేదు. ఎందుకు నిలబడలేదో చర్చించడానికి వరంగల్ లాంటి చోట, చిన్న స్వచ్ఛంద సంస్థలు నడిపేవాళ్లు ఎదురుగా కూర్చున్న తరగతి కంటే మంచి వేదిక ఏముంటుంది?

మాలి గురించి కూడా చెప్పి ఉండాల్సింది. 2023 జూన్‌లో అక్కడి సైనిక ప్రభుత్వం శాంతిదళాన్ని వెళ్లిపొమ్మంది. ఆ ఏడాది చివరికల్లా దళం మొత్తం ఖాళీ చేయాల్సి వచ్చింది. పదేళ్ల కార్యక్రమం ఆరు నెలల్లో మూటకట్టింది. దళం వెళ్లాక దాని నీడలో నడిచిన పనులు ఎవరు చూస్తారు అన్న ప్రశ్న మొదటి రోజు నుంచే వేసుకోవాలని ఇలాంటి ఉదాహరణలే నేర్పుతాయి.

భారత సేవల గురించిన తరగతి మాత్రం నిండుగా ఉంది. ఇప్పటిదాకా రెండున్నర లక్షలకు పైగా భారతీయులు శాంతిదళాల్లో పనిచేశారు. 2007లో లైబీరియాకు వెళ్లిన మన మహిళా పోలీసు దళం, పూర్తిగా మహిళలతో కూడిన అలాంటి తొలి దళం, 2016 దాకా అక్కడ వంతులవారీగా పనిచేసింది. ఈ పాఠం విన్నాక తరగతిలోని అమ్మాయిలు అడిగిన ప్రశ్నలే ఆ రోజంతటిలో నాకు నచ్చినవి: రాత్రి గస్తీ ఎలా తిరిగేవాళ్లు, ఊరి ఆడవాళ్లు వాళ్లతో ఏ భాషలో మాట్లాడేవాళ్లు, బడిపిల్లల దగ్గరికి వెళ్లేవాళ్లా అని.

ముద్రించి ఇచ్చిన పుస్తకం నాసిగా ఉంది. మొత్తం ఇంగ్లిష్‌లో, పొట్టి అక్షరాల పేర్లతో నిండిపోయింది. శిక్షకులు తెలుగులో అంత బాగా చెప్పగలిగినప్పుడు కనీసం ఇరవై పేజీల తెలుగు నోట్సు ఇవ్వడం కష్టం కాదు. నర్సులు, గోదాముల్లో పనిచేసి వచ్చిన యువకులు ఈ కారణంగానే రెండో వారం నుంచి వెనకబడ్డారు. వాళ్లలో ఇద్దరు మానేశారు. అనుభవంలో తరగతిలోని చాలామందికంటే వాళ్లే ముందున్నవాళ్లు.

రుసుము 12,000 రూపాయలు. చెప్పే చదువుకు అది ఎక్కువ కాదు. కానీ కేంద్రం ముందు కట్టిన ఫ్లెక్సీలో ‘ఐక్యరాజ్యసమితి ఉద్యోగాలకు మార్గం’ అని రాయడం నాకు ఏమాత్రం నచ్చలేదు. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ పల్లెల్లో ఏజెంట్ల చేతిలో భూములు అమ్ముకుని మోసపోయిన కుటుంబాలు ఉన్నాయి. అలాంటి చోట ఈ మాట ప్రమాదకరం. ఐక్యరాజ్యసమితి తన నియామకాల్లో దరఖాస్తు నుంచి శిక్షణ దాకా ఏ దశలోనూ రుసుము తీసుకోదు. ఎవరైనా ఆ పేరు చెప్పి డబ్బు అడిగితే అది మోసమే. శిక్షకులు అడగ్గానే ఈ విషయం తరగతిలో తేటతెల్లంగా చెప్పారు. ఆ మాటే ఫ్లెక్సీ మీద కూడా రాయించమని నేను నిర్వాహకులను కోరాను. పట్టా చూపించి ఉద్యోగం అడగవచ్చన్న ఆశతో చేరవద్దు. ఐక్యరాజ్యసమితి వాలంటీర్ల కార్యక్రమానికి నేరుగా, ఉచితంగా పేరు నమోదు చేసుకోవచ్చు. ఇంటి నుంచి చేయగల ఆన్‌లైన్ సేవ కూడా అందులో ఉంది.

ఇప్పటికే ఆరోగ్యం, నీళ్లు, సరకు రవాణా, పోలీసు సేవ, బడి లాంటి ఏదో ఒక పనిలో చేయి తిరిగినవారికి ఈ శిక్షణ బాగా ఉపయోగపడుతుంది. పోటీ పరీక్షలకు అంతర్జాతీయ సంబంధాలు చదివే విద్యార్థులకు డబ్బు తరగతి, వంతెన అభ్యాసం చాలు. ఆ రెండు వారాలకు మాత్రం విడిగా రుసుము కట్టి హాజరయ్యే వీలు నిర్వాహకులు ఇచ్చారు. చేరేముందు స్ఫియర్ పుస్తకంలో నీటి అధ్యాయం ఒకసారి చదువుకుని వెళితే మొదటి వారం తేలికగా నడుస్తుంది. అది ఇంటర్నెట్‌లో ఉచితంగానే దొరుకుతుంది. తరగతులు సాయంత్రం ఆలస్యంగా ముగుస్తాయి కాబట్టి ఏటూరునాగారం, మంగపేట వైపు నుంచి వచ్చే ఆడవాళ్లకు శనివారం రాత్రి బస ఏర్పాటు ఉందా అని పేరు రాయించేటప్పుడే అడగాలి. మా బృందంలో అడిగినవాళ్లకు ఏర్పాటు చేశారు. అడగనివాళ్లు హనుమకొండ బస్టాండులో ఆఖరి బస్సు కోసం పరుగెత్తాల్సి వచ్చింది.